గిఫ్ట్: కానుక, విషం, వివాహం
(ప్రసంగ పాఠం)

అధ్యక్షులవారికి, సభకు విచ్చేసిన మిత్రులందరికీ నమస్కారం.

ఒక ఇంగ్లీషు మాట వేర్వేరు భాషల్లో ఎన్ని అర్థాలను మోస్తుందన్న అంశం మీద మాట్లాడమని నన్ను కోరారు. ఇలాంటి ప్రసంగాలకు బాగా అలవాటైన దారి ఒకటుంది. ఇంగ్లీషులో ఇలా, జర్మన్‌లో అలా, జపనీస్‌లో మరోలా అంటూ ఓ యాభై మాటలు ఏకరువు పెడితే సభ నవ్వుకుంటుంది, వక్త తృప్తిగా కూర్చుంటాడు. ఈ పూటకు ఆ దారి వదిలిపెట్టి, ముఖ్యంగా ఒకే ఒక్క మాటను పట్టుకుని, అది ఎక్కడ పుట్టింది, ఏ భాషలో ఏమైంది, ఎందుకలా అయిందని వెంబడించి చూద్దామని నా ఉద్దేశం. ఆ మాట గిఫ్ట్.

రోమన్ లిపిలో నాలుగే అక్షరాలు. ఇంగ్లీషు చదివేవారికి అది కానుక. జర్మన్ చదివేవారికి విషం. ప్రమాదకరమైన రసాయనాల సీసాల మీద పుర్రె బొమ్మ పక్కన ఉండే హెచ్చరిక ఆ మాటే. స్వీడిష్, డేనిష్, నార్వేజియన్ భాషల్లో దానికి విషమనే అర్థమూ ఉంది, పెళ్ళయిన మనిషి అనే అర్థమూ ఉంది. వైవాహిక స్థితి అడిగిన చోట స్వీడిష్ పౌరుడు తాను గిఫ్ట్ అని రాస్తే అది ఫిర్యాదు కాదు, సమాచారం మాత్రమే. పెళ్ళికీ విషానికీ ఒకే మాట ఉండటం మీద అక్కడ ఎన్ని హాస్యోక్తులు పుట్టి ఉంటాయో మీరే ఊహించుకోవచ్చు. నేను వాటి జోలికి పోను.

ఇలా రూపంలో కలిసి అర్థంలో విడిపోయే మాటలకు భాషాబోధకులు ‘కపట మిత్రులు’ అనే పేరు వాడతారు. కోస్లెర్, దెరొకిన్యీ అనే ఇద్దరు ఫ్రెంచివారు 1928లో ఇంగ్లీషు, ఫ్రెంచి భాషల మధ్య ఇలాంటి జంటలను పోగుచేసి పుస్తకంగా వేసినప్పుడు పెట్టిన పేరది; తర్వాత చాలా భాషల్లోకి అనువాదమై పాకింది. విద్యార్థిని హెచ్చరించడానికి ఆ పేరు పనికివస్తుంది, కాదనను. అయితే అందులో ఒక నింద ఇమిడి ఉంది: ఈ మాటలు చుట్టాల్లా ఎదురుపడి మోసం చేస్తున్నాయని. గిఫ్ట్ విషయంలో ఈ నింద పూర్తిగా అన్యాయమని నా అభిప్రాయం. కానుక, విషం, వివాహం అనే మూడు అర్థాలూ ఒకే క్రియ కడుపున పుట్టాయి. ఇవి సొంత తోబుట్టువులే. వేర్వేరు ఇళ్ళల్లో పెరిగాయంతే.

ఆ క్రియ ఇవ్వడం. ఇంగ్లీషులో గివ్, జర్మన్‌లో గేబెన్. డ్రైవ్ నుంచి డ్రిఫ్ట్, థ్రైవ్ నుంచి థ్రిఫ్ట్ ఎలా వచ్చాయో గివ్ నుంచి గిఫ్ట్ అలాగే వచ్చింది: క్రియ చివర ఒక తకారం చేర్చి చేసిన నామవాచకం. అందుచేత మొదట్లో దాని అర్థం ఇవ్వడమనే పని, లేదా ఇచ్చినది. ఏమిచ్చారు, ఎవరికిచ్చారు, ఎందుకిచ్చారన్నవి ఆ మాటలో లేవు. ఆ ఖాళీలను ఒక్కొక్క సమాజం ఒక్కొక్క విధంగా పూరించుకుంది.

వెయ్యేళ్ళ కిందటి ప్రాచీన ఇంగ్లీషులో ఈ మాటను దాదాపు ‘యిఫ్ట్’ అని పలికేవారు, దానికి కానుక అనే అర్థం ప్రధానం కాదు. వధువు కోసం వరుడి పక్షం చెల్లించే మొత్తాన్ని ఆ మాటతో చెప్పేవారు. బహువచనంలో వాడితే పెళ్ళి అని అర్థం. అంటే ఈనాడు స్వీడిష్‌లో మనకు వింతగా తోచే అర్థమే ఒకప్పుడు ఇంగ్లీషు సొంత అర్థం. 9, 11 శతాబ్దాల మధ్య స్కాండినేవియా నుంచి వచ్చి ఇంగ్లండులో స్థిరపడినవారి భాషలో ఇదే మాట గట్టి గకారంతో ఉండేది. కానుక, అదృష్టం అనే అర్థాలు దానికి ఉండేవి. ఇంగ్లీషువాళ్ళు తమ సొంత యకారాన్ని వదులుకుని ఆ గకారాన్నీ, దాని వెంట కానుక అనే అర్థాన్నీ స్థిరం చేసుకున్నారు. ఇక్కడొక చిన్న విడ్డూరం ఉంది. ఆ తర్వాతి శతాబ్దాల్లో స్వీడిష్ భాషలోనే ఇకారానికి ముందున్న గకారం మెత్తబడి యకారమైపోయింది, కాబట్టి నేటి స్వీడిష్ ఉచ్చారణ యిఫ్ట్. అరువిచ్చినవారు గకారాన్ని పోగొట్టుకున్నారు, అరువు తెచ్చుకున్నవారు దాన్ని భద్రంగా దాచుకున్నారు.

ఇవ్వడం నుంచి పెళ్ళి ఎలా వచ్చిందో తెలుగువారికి ప్రత్యేకంగా వివరించనక్కర్లేదు. ‘పెద్దమ్మాయిని ఎవరికిచ్చారు?’ అన్న ప్రశ్న మనకు పరిచయమే. అందులో పెళ్ళి అనే మాట లేకపోయినా ఎవరూ తప్పుగా అర్థం చేసుకోరు. స్వీడిష్‌లోనూ సంబంధిత క్రియకు కూతురిని ఇవ్వడమే పాత అర్థం. కాలక్రమంలో అది ‘తనను తాను ఇచ్చుకొను’ అన్నట్టుగా ఆత్మార్థక రూపంలో స్థిరపడి, స్త్రీలూ పురుషులూ సమానంగా తమ గురించి చెప్పుకునే మాటగా మారింది. ఇచ్చే తండ్రి వాక్యంలోంచి తప్పుకున్నాడు, క్రియ మాత్రం మిగిలిపోయింది. సామాజిక చరిత్ర వ్యాకరణంలో ఇంత స్పష్టంగా అచ్చుపడిన సందర్భాలు ఎక్కువగా ఉండవు.

ఇక విషం. ఇక్కడ కథ గ్రీకు వైద్యుల దగ్గర మొదలవుతుంది. గ్రీకులో ‘దోసిస్’ అంటే ఇవ్వడం, ఇచ్చినది. మన సంస్కృతంలోని ‘దా’ ధాతువు, దానం, దాత, దత్తం అన్న మాటలు ఏ మూలం నుంచి వచ్చాయో దోసిస్ కూడా ఆ మూలానిదే. క్రీస్తుశకం 2వ శతాబ్దానికి చెందిన గాలెన్ వంటి వైద్యులు రోగికి ఒక విడత ఇచ్చే మందు పరిమాణాన్ని దోసిస్ అన్నారు. ఆ మాట లాటిన్‌లోకి వెళ్ళి, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులో డోసు అయింది. జర్మన్‌వాళ్ళు మాత్రం దాన్ని అనువదించుకున్నారు. గ్రీకు మాటకు అర్థం ఇవ్వడమైతే, తమ భాషలో ఇవ్వడానికి మాట గిఫ్ట్. కాబట్టి రోగికి ఇచ్చే విడత కూడా గిఫ్ట్.

విడతగా ఇచ్చే మందు ప్రాణం తీసే మందు ఎలా అయింది? చెప్పరాని దాన్ని చాటుగా చెప్పడం వల్ల. విషప్రయోగం చేశాడని బాహాటంగా అనడం ఏ భాషలోనైనా కష్టమే. ‘వాడికి ఏదో ఇచ్చారు’ అంటే సరిపోతుంది, వినేవాడు మిగిలింది పూరించుకుంటాడు. సౌమ్యోక్తి అనేది అవసరానికి కప్పుకునే ముసుగు, కానీ అందరూ అదే ముసుగు వేసుకుంటే ముసుగే ముఖమైపోతుంది. జర్మన్‌లో అదే జరిగింది. చాటు మాట నేరుగా విషానికి పేరైంది. కానుక అనే అర్థం దాని పక్కన నిలబడలేక క్రమంగా తప్పుకుంది. స్కాండినేవియా భాషలకు విషమనే అర్థం జర్మన్ ప్రాంతాల నుంచే దిగుమతి అయింది. అప్పటికే పెళ్ళి అర్థంతో సొంత గిఫ్ట్ ఉంది కనుక అక్కడ రెండూ ఒకే రూపంలో ఇరుగుపొరుగయ్యాయి.

ఇది ఐరోపావారి చాదస్తమని అనుకోకండి. తెలుగులో ‘మందు’ను చూడండి. రోగం తగ్గించేది మందు. ఎలుకలను, పురుగులను చంపేదీ మందే. తాగి తూలిపోయేవాడు తాగినదీ మందే. తుపాకుల్లో, టపాకాయల్లో కూరేది మందుగుండు. ‘ఆ ఇంటివాళ్ళు వాడికి మందు పెట్టారు’ అంటే వశం చేసుకోవడానికో చంపడానికో అన్నంలో రహస్యంగా ఏదో కలిపారని. ఒక్క అక్షరం మారకుండా ఇన్ని పనులు చేసే మాట ఎదురుగా ఉన్నప్పుడు జర్మన్‌వాళ్ళ గిఫ్ట్ చూసి ఆశ్చర్యపోవడం మనకు తగదు. గ్రీకులో ‘ఫార్మకాన్’ కూడా అంతే: ఔషధం, విషం, మంత్రించిన వస్తువు, మూడూ అదే. నేటి ఫార్మసీ అనే మాట దాని నుంచి వచ్చింది. మొదటి అర్థాన్ని మాత్రం ఉంచుకుని మిగిలినవి వదిలేసింది.

ఔషధానికీ విషానికీ గీత ఎక్కడన్న ప్రశ్నకు ప్రసిద్ధమైన జవాబు పారాసెల్సస్ అనే వైద్యుడిది. 1538లో ఆయన రాసిన దాని సారాంశం ఇది: అన్ని వస్తువులూ విషమే, విషం లేనిదేదీ లేదు, ఒక వస్తువును విషం కాకుండా చేసేది దాని మోతాదు ఒక్కటే. ఆయన దీన్ని లాటిన్‌లో కాక జర్మన్‌లో రాశాడు. ఆ వాక్యంలో విషానికి వాడిన మాట గిఫ్ట్, మోతాదుకు వాడిన మాట దోసిస్. రెండింటికీ మూలార్థం ఇవ్వడమే. ఒకటి గ్రీకు అసలు, రెండోది దాని జర్మన్ అనువాదం. ఒకే భావం రెండు వేషాల్లో ఒకే వాక్యంలోకి వచ్చి, ఒకటి రెండోదానికి హద్దు గీస్తోంది. పారాసెల్సస్‌కు ఈ సంగతి స్ఫురించిందో లేదో గానీ, విషవిద్య అనే శాస్త్రానికి పునాదిగా చెప్పుకునే వాక్యం ఒక్క క్రియ మీద నిలబడి ఉండటం నాకు ఎప్పుడు చదివినా ముచ్చటగానే ఉంటుంది.

జర్మన్‌లో పాత అర్థం పూర్తిగా చచ్చిపోలేదు. పెళ్ళికూతురితో పాటు ఇచ్చే కట్నాన్ని నేటికీ ‘మిట్‌గిఫ్ట్’ అంటారు. మిట్ అంటే తోడు, తోడుగా ఇచ్చినది. విడిగా ఉంటే విషం, సమాసంలో ఉంటే కట్నం. లాటిన్ వైపు చూస్తే అక్కడా ఇదే జంట కనిపిస్తుంది. లాటిన్‌లో కట్నానికి ‘దోస్’ అని పేరు, ఇంగ్లీషు డౌరీ దాని నుంచే వచ్చింది. గ్రీకు నుంచి తెచ్చుకున్న దోసిస్ ఇంగ్లీషు డోసు అయింది. డౌరీ, డోసు రెండూ ‘దా’ ధాతువు సంతానమే. అంటే జర్మన్‌వాళ్ళు తమ సొంత క్రియతో చేసిన పనినే లాటిన్, గ్రీకు భాషలు తమ క్రియతో చేశాయి: ఒక కొమ్మ పెళ్ళివైపు, ఒక కొమ్మ మందువైపు. ఇంగ్లీషు డేట్, డేటా కూడా ఈ కుటుంబానివే. రోమన్లు ఉత్తరంలో ఫలానా చోట, ఫలానా రోజున ‘ఇవ్వబడినది’ అని రాసేవారు. ఆ ఇవ్వబడినదే తేదీకి పేరైంది.

ఒకే రూపంలో రెండు అర్థాలు ఇరుకైనప్పుడు భాషలు ఏదో ఒక ఏర్పాటు చేసుకుంటాయి. డచ్ భాష చాలా పొదుపుగా చేసింది: కానుకకు గిఫ్ట్ అలాగే ఉంచి, విషానికి చివరి తకారం తీసేసి గిఫ్ అంది. అయితే విషపూరితమైన అనే విశేషణంలో ఆ తకారం నేటికీ వినిపిస్తుంది. జర్మన్ కానుకకు మరో మాటను పైకి తెచ్చింది, గెషెంక్. ఇది ‘షెంకెన్’ అనే క్రియ నుంచి వచ్చింది. దాని పాత అర్థం పానీయం వంచి ఇవ్వడం. అతిథికి పాత్రలో పోసి ఇవ్వడమనే పని క్రమంగా ఏ కానుకనైనా ఇవ్వడానికి విస్తరించింది.

ఇప్పుడు ఇంగ్లీషు వైపు తిరిగి, వాళ్ళు విషాన్ని ఏమంటారో గమనించండి. పాయిజన్. అది ఫ్రెంచి నుంచి వచ్చింది. ఫ్రెంచికి లాటిన్ ‘పోతియో’ నుంచి. పోతియో అంటే పానీయం. సంస్కృత ‘పా’ ధాతువు, పానం అన్న మాట దానికి దాయాదులు. అదే లాటిన్ మాట రెండోసారి మరో దారిన వచ్చి పోషన్ అయింది. కాబట్టి జర్మన్‌లో ఇవ్వడమనే మాట విషమైంది, పానీయం పోయడమనే మాట కానుకైంది. ఇంగ్లీషులో పానీయమనే మాట విషమైంది, ఇవ్వడమనే మాట కానుకైంది. రెండు పొరుగు భాషలు ఒకే రెండు భావాలను పంచుకుంటూ సరిగ్గా తిరగేసి పంచుకున్నాయి. కపట మిత్రులని వీటిని పక్కకు నెట్టేసేవారికి ఈ అందం దక్కదు.

ఇంగ్లీషుకు అంతకుముందు విషానికి సొంత మాట లేకపోలేదు, ‘ఆటర్’ అనేవారు. అది పోయింది, కానీ సాలీడుకు ఉన్న పాత పేరు ‘అటర్‌కాప్’లో కొంతకాలం బతికింది, డేనిష్, నార్వేజియన్ భాషల్లో సాలీడును నేటికీ దాని జోడు మాటతోనే పిలుస్తారు. లాటిన్‌లో విషానికి మరో మాట ‘వీరుస్’. మన విషం దానికి సొంత చుట్టం. వైరస్ అని తెలుగులో రాసినప్పుడల్లా విషాన్నే మరో లిపిమార్గాన తిరిగి తెచ్చుకుంటున్నామన్నమాట.

ఇంతవరకూ చెప్పినది విని, ఇదంతా పండితుల వినోదమని ఎవరైనా అనుకోవచ్చు. విషం చుట్టూ తిరిగే మరో మాట ఏం చేసిందో చెబుతాను. 1980లో అమెరికాలోని ఫ్లోరిడాలో 18 ఏళ్ళ యువకుడు ఒకడు స్పృహలేని స్థితిలో ఆసుపత్రికి చేరాడు. స్పానిష్ మాట్లాడే కుటుంబం అతణ్ణి ‘ఇంతోక్సికాదో’ అని వర్ణించింది. ఆ వాడుకలో దానికి అర్థం, తిన్నదో తాగినదో వికటించి జబ్బుపడ్డాడని. వైద్య సిబ్బంది దాన్ని ఇంగ్లీషు ‘ఇంటాక్సికేటెడ్’గా విన్నారు, అంటే మత్తులో ఉన్నాడని, మాదకద్రవ్యం ఎక్కువ మోతాదులో తీసుకున్న కేసుగా చికిత్స సాగించారు. నిజానికి అతనికి మెదడులో రక్తస్రావం జరుగుతోంది. అది తెలిసేసరికి ఆలస్యమైంది, కాళ్ళూ చేతులూ చచ్చుబడిపోయాయి. తర్వాత నడిచిన వ్యాజ్యంలో పరిహారం సుమారు 7 కోట్ల 10 లక్షల డాలర్లకు కుదిరింది. వైద్యరంగంలో శిక్షణ పొందిన దుభాషీలు ఎందుకు ఉండాలో చెప్పేటప్పుడు ఈ ఉదంతాన్ని నేటికీ పేర్కొంటారు.

ఈ మాట వంశవృక్షం కూడా చూడదగ్గదే. గ్రీకులో ‘తోక్సాన్’ అంటే విల్లు. బాణాలకు పూసే విషాన్ని ‘విల్లుకు చెందిన మందు’ అనేవారు, అంటే తోక్సికాన్ ఫార్మకాన్. వాడుకలో రెండో మాట జారిపోయి మొదటిది మిగిలింది. అసలు మందు అనే భాగం పోయి, విల్లు అనే భాగం విషానికి పేరైంది. లాటిన్ మీదుగా అది స్పానిష్‌లో, ఫ్రెంచిలో విషమనే అర్థం దగ్గరే ఆగిపోయింది. ఇంగ్లీషులో మాత్రం మత్తుకు జరిగింది. తెలుగు మందు కూడా విషం నుంచి మత్తుదాకా అదే దూరం నడిచిందని మీకు గుర్తుచేయనక్కర్లేదు.

ఒకే వేరు నుంచి చీలిపోయిన మాటల సంగతి అది. ఒక భాషలోంచి మరో భాషలోకి అరువు వెళ్ళి మారే మాటల దారి వేరు, దాని తొందర వేరు. అక్కడ శతాబ్దాలు పట్టిన మార్పు ఇక్కడ ఒక్క తరంలో జరిగిపోతుంది. జర్మన్‌లో ‘హ్యాండీ’ అంటే మొబైల్ ఫోను. ఇంగ్లీషులో అది చేతికి అనువైనదని చెప్పే విశేషణం మాత్రమే. ఫ్రెంచి, జర్మన్, ఇటాలియన్, రష్యన్ భాషల్లో ‘స్మోకింగ్’ అంటే విందులకు వేసుకునే నల్ల కోటు. పొగతాగేటప్పుడు తొడుక్కునే కోటుకున్న రెండు మాటల పేరులోంచి కోటు ఊడిపోయి పొగ మిగిలింది. తోక్సికాన్ ఫార్మకాన్‌కు పట్టిన గతే ఇదీ. జపనీస్‌లో గోడకుండే విద్యుత్ సాకెట్టును ‘కొన్సెంతో’ అంటారు. వినగానే సమ్మతి అనే అర్థమున్న ఇంగ్లీషు కన్సెంట్ గుర్తుకొస్తుంది గానీ, అది కాన్‌సెంట్రిక్ ప్లగ్ అనే సాంకేతిక పదానికి కుదింపు.

అరువు మాటల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మాన్షన్. లాటిన్‌లో దీని పూర్వరూపానికి నిలిచి ఉండటమని అర్థం. రోమన్ రహదారుల మీద అధికారిక ప్రయాణికులు రాత్రి బసచేసే మజిలీలకు అదే పేరు. ఫ్రెంచిలో అది అరిగి ‘మెజోఁ’ అయి సాదా ఇంటికి పేరైంది. స్కాట్లాండ్‌లో చర్చి గురువు నివసించే ఇల్లు ‘మాన్స్’. ఇంగ్లీషులో మాన్షన్ అంటే సంపన్నుల భవంతి. అక్కడి నుంచి జపాన్ చేరింది. 20వ శతాబ్దపు రెండో సగంలో అక్కడి నిర్మాణ సంస్థలు కాంక్రీటు భవనాల్లోని ఫ్లాట్లకు హోదా తెచ్చిపెట్టడానికి ‘మన్షోన్’ అనే పేరు తగిలించాయి. ఈరోజు జపాన్‌లో రెండు గదుల్లో ఒంటరిగా ఉండే ఉద్యోగి కూడా తాను మాన్షన్‌లో ఉంటున్నానని నిజాయతీగా చెప్పగలడు. వ్యాపార ప్రకటన అర్థాన్ని ఎంత దూరం లాగగలదో ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. అలాగే ‘సాబిసు’, అంటే ఇంగ్లీషు సర్వీస్. జపనీస్‌లో దుకాణదారు ఉచితంగా అదనంగా ఇచ్చేదాన్ని కూడా సాబిసు అంటారు. సేవ అనే మాట చివరికి కానుక అయింది.

మనమూ తక్కువేం కాదు. ఇంగ్లీషు సెంటిమెంట్ మనోభావమో అభిప్రాయమో అవుతుంది. తెలుగులో సెంటిమెంటు అంటే ఒకటి సినిమాలో కంటతడి పెట్టించే ఘట్టం, రెండోది ఫలానా అంకె, ఫలానా వారం తనకు కలిసొస్తుందన్న నమ్మకం. ఈ రెండో అర్థం చెబితే ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారు తెల్లబోతారు. గిఫ్ట్ కూడా తెలుగులోకి వచ్చి కుంచించుకుపోయింది. ఇంగ్లీషులో అది ఒంటరిగానే సహజ ప్రతిభను సూచించగలదు. మనకు ఆ అర్థం కావాలంటే ‘గాడ్ గిఫ్ట్’ అని దేవుణ్ణి వెంట తీసుకురావాలి. దేవుడు లేని గిఫ్ట్ మన దగ్గర రంగు కాగితంలో చుట్టిన వస్తువే.

అంకెలైనా స్థిరంగా ఉంటాయేమో అనుకుంటే బిలియన్ ఉంది. 1484లో షుకే అనే ఫ్రెంచి గణితవేత్త వాడిన లెక్కలో అది మిలియన్ మిలియన్లు, అంటే లక్ష కోట్లు. తర్వాత ఫ్రాన్సులోనే దాన్ని వెయ్యి మిలియన్లకు, అంటే వంద కోట్లకు దించారు. అమెరికా ఆ లెక్కను తీసుకుంది. బ్రిటన్ చాలాకాలం లక్ష కోట్ల దగ్గరే ఉండి, 1974లో ప్రభుత్వ గణాంకాల్లో అమెరికా లెక్కకు మారింది. ఫ్రాన్సు 1961లో తిరిగి పాత లెక్కను అధికారికం చేసుకుంది. జర్మన్, స్పానిష్ భాషల్లో ఇదే మాట నేటికీ లక్ష కోట్లు. పోర్చుగీసు ఒకే భాష, అయినా బ్రెజిల్‌లో వంద కోట్లు, పోర్చుగల్‌లో లక్ష కోట్లు. ఆర్థిక వార్తలను అనువదించేవారు ఇక్కడ ఒక్క క్షణం ఏమరితే తేడా వెయ్యి రెట్లు.

ఒకే భాషలో కూడా ఇది జరుగుతుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్, అమెరికన్ సైనికాధికారుల మధ్య ఒక పత్రాన్ని ‘టేబుల్’ చేయడం గురించి పెద్ద వాగ్వాదం జరిగిందని చర్చిల్ రాశాడు. బ్రిటన్‌లో దానికి అర్థం వెంటనే చర్చకు పెట్టడం, అమెరికాలో పక్కన పడేయడం. రెండు పక్షాలూ కోరుతున్నది ఒక్కటేనని తెలిసేసరికి మాటలు చాలా దూరం వెళ్ళాయట.

చివరగా, చుట్టరికం ఎలా నిర్ధారిస్తారన్న సంగతి చెప్పాలి, లేకపోతే ఇప్పటిదాకా చెప్పినదంతా పోలికల మీద కట్టిన కథలా ఉంటుంది. పోలిక సాక్ష్యం కాదు. లాటిన్ ‘హబేరె’, జర్మన్ ‘హాబెన్’, ఇంగ్లీషు ‘హ్యావ్’: రూపం ఒకటి, కలిగి ఉండటమనే అర్థమూ ఒకటి. ఎవరు చూసినా ఒక కుటుంబమంటారు. కాదు. 1822లో యాకబ్ గ్రిమ్ అనే జర్మన్ భాషావేత్త క్రమబద్ధంగా వివరించిన ధ్వని సూత్రాల ప్రకారం లాటిన్‌లో కకారం ఉన్న చోట జర్మనిక్ భాషల్లో, అంటే ఇంగ్లీషు, జర్మన్, స్వీడిష్ వంటి భాషల కుటుంబంలో, హకారం ఉండాలి. లాటిన్ కోర్ను ఇంగ్లీషులో హార్న్, లాటిన్ కెంతుమ్ ఇంగ్లీషులో హండ్రెడ్. ఆ లెక్కన హ్యావ్‌కు లాటిన్ బంధువు పట్టుకోవడమనే అర్థమున్న ‘కపేరె’. మరి హబేరెకు ఇంగ్లీషులో బంధువు ఎవరు? గివ్. కలిగి ఉండటమూ ఇవ్వడమూ ఒకే మూలం నుంచి విడిపోయాయని భాషాశాస్త్రజ్ఞుల సాధారణాభిప్రాయం. మన గిఫ్ట్ మళ్ళీ ఇక్కడ తేలింది.

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ ఆస్ట్రేలియాది. ఉత్తర క్వీన్స్‌లాండ్‌లోని మ్బబరమ్ అనే ఆదిమవాసి భాషను 1960లలో డిక్సన్ అనే భాషాశాస్త్రజ్ఞుడు నమోదు చేశాడు. ఆ భాషలో కుక్కను ఏమంటారని అడిగితే వచ్చిన జవాబు: ‘డాగ్’. ఇంగ్లీషు నుంచి అరువు తెచ్చుకున్నదని ఎవరైనా అనుకుంటారు. కానీ పొరుగునున్న యిదిన్య్ భాషలో కుక్కకు ‘గుదగ’ అని పేరు. మ్బబరమ్‌లో మాటల మొదటి అక్షరం రాలిపోవడం, మొదట గకారం ఉంటే తర్వాతి అకారం ఒకారంగా మారడం, చివరి అచ్చు పోవడం ఈ ఒక్క మాటకే పరిమితమైనవి కావు. ఆ భాషలోని మిగతా మాటల్లోనూ కనిపించే మార్పులే. గుదగ మీద వాటిని ఒకదాని తర్వాత ఒకటి నడిపిస్తే మిగిలేది డాగ్. రూపమూ అర్థమూ అచ్చంగా ఇంగ్లీషువే, చుట్టరికం మాత్రం రవ్వంత కూడా లేదు.

ఇంతసేపు ఓపికగా విన్నందుకు ధన్యవాదాలు. సమయం మిగిలే ఉంది కనుక, మీ ప్రశ్నలు వింటాను.